అక్కకూ బాల్యం ఉంది

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో మా సంఘం కార్యకర్తల తరఫున చదివిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, దివిసీమ నుంచి, బందరు చుట్టుపక్కల నుంచి, గుడివాడ వైపు చెరువు గట్ల మీది నుంచి ఒక రోజు కూలి పోగొట్టుకుని ఇక్కడికి వచ్చిన అక్కలకు, అన్నలకు, పిల్లలకు మా సంఘం తరఫున జోహార్లు.

1982 ఆగస్టు 9న జెనీవాలో ఆదివాసీ ప్రజల కోసం ఐక్యరాజ్యసమితి వేసిన కార్యబృందం మొదటిసారి కూర్చుంది. అందుకే ఈ తేదీని మన రోజుగా 1994లో ప్రకటించారు. ఆ చరిత్ర మన పెద్దలు ఇందాకే చెప్పారు. మమ్మల్ని మాత్రం "గిరిజన బాలల చదువు" గురించి మాట్లాడమన్నారు. బడిలో ఎంతమంది చేరారు, ఎంతమంది మానేశారు అన్న లెక్కలు చదవాలని మొదట అనుకున్నాం. తర్వాత ఆ కాగితం పక్కన పెట్టాం. ఒక ఇంటి సంగతి చెబుతాం. ఆ ఇంట్లో మేము చేసిన తప్పు కూడా ఉంది. అది మీ ముందు ఒప్పుకోవాలనే వచ్చాం.

ఆ పిల్లల పేర్లు చెప్పం. ఊరి పేరూ చెప్పం. నాగాయలంక వైపు ఒక కాలువ గట్టు మీద పది పన్నెండు యానాది ఇళ్ళు అనుకోండి, చాలు. తండ్రి రొయ్యల చెరువు కాపలా ఉంటూ జబ్బు చేసి చనిపోయాడు. ఇంటి మీద అడ్వాన్సు బాకీ మిగిలింది. తల్లి కొన్నాళ్ళు మడ అడవిలో మండపీతలు పట్టింది, కొన్నాళ్ళు సరుగుడు తోటల్లో కొట్టుడు పనికి పోయింది. ఒక రోజు "పనికి పోతన్నా, తమ్ముణ్ణి చూసుకో" అని బస్సెక్కింది. మొదట్లో వారానికోసారి పక్కింటి వాళ్ళ ఫోనుకి చేసేది. తర్వాత ఆ ఫోను రావడం ఆగిపోయింది. అప్పటికి అక్కకు పదిహేనేళ్ళు. తొమ్మిదో తరగతి. తమ్ముడికి ఐదు నిండలేదు.

ఆ తల్లిని ఇక్కడ ఎవరూ తిట్టవద్దని ముందే కోరుతున్నాం. మన ఆడవాళ్ళు ఎందుకు వెళ్ళిపోతారో మనకు తెలియంది కాదు. బాకీ తీరక కొందరు, తాగుడు మొగుడి దెబ్బలకు తాళలేక కొందరు, వేరే మనువు చేసుకుని కొందరు, దూరదేశంలో ఇంటిపనికి పోయి తిరిగి రాలేక కొందరు వెళ్తారు. మగవాళ్ళయితే ఇంతకంటే తేలిగ్గా వెళ్ళిపోతారు. అప్పుడు ఎవరూ ఆశ్చర్యపోరు కూడా. తల్లి మీద తీర్పు చెప్పినందువల్ల ఆ పూట పిల్లల పొయ్యి వెలగదు.

ఆ అక్క రోజు ఎలా గడిచేదో చెబుతాం. తెల్లారగానే పక్కింటి అవ్వతో కలిసి కాలువకు పోయి నీళ్ళు తెచ్చేది. తమ్ముడికి గంజి పోసి, స్నానం చేయించి, అంగన్‌వాడీలో దింపేది. అక్కణ్ణుంచి బడికి. బడిలో మధ్యాహ్నం పెట్టే గుడ్డు తినకుండా నోటుపుస్తకం కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకునేది. తమ్ముడికి అంగన్‌వాడీలో గుడ్డు పెడతారు కదా, నువ్వు తినరాదా అని పంతులమ్మ అడిగితే, "రాత్రికి ఏముంటదండీ" అందట. అంగన్‌వాడీ సాయంత్రం దాకా ఉండదు, హైస్కూలు ఉంటుంది. ఆ మధ్య గంటల్లో వాడు కాలువ గట్టు మీద ఒంటరిగా ఉంటాడు. గట్టున పెరిగిన వాళ్ళకు తెలుసు, ఐదేళ్ళ పిల్లాడికి, నిండుగా పారే కాలువకు మధ్య ఎంత దూరం ఉంటుందో. అందుకని ఆ పిల్ల మొదట మధ్యాహ్నం క్లాసులు మానేసింది. తర్వాత వారంలో మూడు రోజులు మానేసింది. కోతల కాలం వచ్చాక బడికి పోవడమే మానేసి, పెద్దవాళ్ళతో పాటు వరి మడుల్లో ఎలుక బొక్కలు తవ్వడానికి పోయింది. బొక్కలో దొరికిన వడ్లు దంచుకుంటే రెండు పూటలు గడుస్తాయి.

రేషను బియ్యం రావా అని మీరడుగుతారు. కార్డు ఉంది. కార్డులో తల్లి పేరుంది, పిల్లల పేర్లున్నాయి. మిషను మీద వేలు పెడితే ఆ పిల్ల ముద్ర పడలేదు. ఆధార్‌లో ఐదేళ్ళు నిండాక ఒకసారి, పదిహేనేళ్ళు నిండాక ఒకసారి పిల్లల వేలిముద్రలు నమోదు చేయించాలి. ఆ సంగతి ఆమెకు ఎవరు చెబుతారు? తమ్ముడికైతే పుట్టిన సర్టిఫికెట్టే లేదు. పుట్టిన ఏడాదిలోపు రాయించకపోతే మేజిస్ట్రేటు అధికారం ఉన్న వాళ్ళ ఉత్తర్వు కావాలి. దాని కోసం తిరగాల్సిన మనిషి బస్సెక్కి వెళ్ళిపోయింది.

గట్టు మీది వాళ్ళు ఆమెను ఏమనేవాళ్ళు? "బంగారం లాంటి పిల్ల. తమ్ముణ్ణి తల్లిలా సాకుతోంది" అనేవాళ్ళు. మేమూ అదే అన్నాం. మొదటిసారి వెళ్ళినప్పుడు ఫొటో తీసుకున్నాం, భుజం తట్టాం, రెండు దుప్పట్లు ఇచ్చి వచ్చాం. ఆ మెచ్చుకోలే మన మొదటి తప్పు. తల్లిలా సాకుతోంది అన్నామంటే, ఆ పని ఇక ఆమెదే అని అందరం ఒప్పేసుకున్నట్టు. మెచ్చుకున్న వాళ్ళలో ఒక్కరం కూడా ఆ సాయంత్రం మూడు గంటల పాటు పిల్లాణ్ణి చూసుకుంటామని అనలేదు.

రెండో తప్పు ఇంకా పెద్దది. ఆమె బడి మానేసిందని తెలిశాక మేము ఆఫీసులో చెప్పాం. మంచే చేస్తున్నామనుకున్నాం. వాళ్ళూ మంచే చేశామనుకున్నారు. ఆడపిల్లకు హాస్టలు ఉన్న బాలికల బడిలో సీటు ఇచ్చారు. మన హాస్టళ్ళు మూడో తరగతి లోపు పిల్లల్ని తీసుకోవు కాబట్టి పిల్లాణ్ణి వేరే ఊళ్ళో బాలల గృహానికి పంపారు. ఒకే రోజు రెండు బండ్లు వచ్చాయి. పిల్లాడు అక్క ఓణీ కొస పట్టుకుని వదలలేదు. వేళ్ళు విడదీశారు. అది చూసి మా వాళ్ళలో ఇద్దరు పక్కకు పోయి ఏడ్చారు గానీ, ఆపమని ఎవరం అనలేదు.

మూడు వారాలు తిరక్కుండా ఆ పిల్ల హాస్టలు గోడ దాటింది. బందరు బస్టాండులో రాత్రి పది గంటలకు దొరికింది. మాకు ఫోను వస్తే పరుగెత్తాం. తిన్నావా అనడిగితే సమాధానం లేదు. ఎందుకు పారిపోయావంటే సమాధానం లేదు. "మా తమ్ముడు ఏ ఊళ్ళో ఉన్నాడు?" అన్నదొక్కటే మాట. ఏ ఊళ్ళో ఉన్నాడో మాకూ సరిగ్గా తెలియదు. ఆ రాత్రి మేము పడ్డ సిగ్గే ఈ ప్రసంగానికి కారణం.

ఇక్కడ ఒక పాత సంగతి గుర్తు చేసుకోవాలి. ఆఫీసు జీపు గట్టు మీదికి వస్తే మన అవ్వలు పిల్లల్ని గుడిసెలోకి లాగేస్తారు. "పిల్లల్ని పట్టుకుపోతారు" అంటారు. అది వట్టి భయం కాదు. తెల్లదొరల కాలంలో నేరస్థ జాతుల చట్టం 1911లో, మళ్ళీ 1924లో, పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరు చేసి ప్రత్యేక పాఠశాలల్లో పెట్టే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. స్టువర్టుపురం, సీతానగరం, కావలి సెటిల్మెంట్ల చరిత్ర మన ఎరుకల అన్నలకు తెలుసు. ఆ చట్టం 1952లో రద్దయింది. చట్టం పోయినా దాని భయం అవ్వల గుండెల్లో ఉండిపోయింది. మంచి మనసుతోనే అయినా, రెండు బండ్లలో పిల్లల్ని వేరు చేసి పంపినప్పుడు మనం ఆ భయాన్నే మళ్ళీ నిజం చేశాం.

మరి చట్టం ఇప్పుడేమంటోంది? మేము తర్వాత కూర్చుని చదివాం, పెద్దలను అడిగాం. 2015 నాటి బాలల న్యాయ చట్టంలో "సంరక్షణ అవసరమైన బిడ్డ" అనే మాట ఉంది. తల్లిదండ్రులు చనిపోయిన వాళ్ళే కాదు, తల్లిదండ్రులు వదిలేసిన పిల్లలు కూడా అందులోకి వస్తారు. పిల్లల్ని సంస్థలో పెట్టడం చిట్టచివరి మార్గం కావాలని ఆ చట్టం మూల సూత్రాల్లోనే రాశారు. జిల్లా బాలల సంక్షేమ కమిటీ అనుకుంటే, బిడ్డను సంస్థకు కాకుండా "యోగ్యుడైన వ్యక్తి" సంరక్షణలో ఉంచవచ్చు. ఆ వ్యక్తి మేనత్త కావచ్చు, పెద్దమ్మ కావచ్చు. ఇక 2009లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ప్రత్యామ్నాయ సంరక్షణ మార్గదర్శకాలు ఇంకా స్పష్టంగా చెప్పాయి. తోబుట్టువులను సాధారణంగా విడదీయకూడదు. తల్లిదండ్రులు లేక, పెద్ద బిడ్డ ఇల్లు నడుపుతూ అందరూ కలిసే ఉంటామంటే, ఆ పెద్ద బిడ్డకు ఇష్టమూ శక్తీ ఉన్నాయనుకుంటే, ఆ ఇంటిని ఇల్లుగానే గుర్తించి రక్షణ, సాయం ఇవ్వాలి. అంటే మన గట్టు మీది అక్కా తమ్ముళ్ళ గురించి ప్రపంచం ముందే ఆలోచించింది. మనమే ఆలోచించలేదు.

అలాగని పిల్లలే ఇల్లు నడుపుకుంటారులే అని వదిలేయమని దాని అర్థం కాదు. జపానులో ఏం జరిగిందో చూడండి. 1988లో టోక్యోలో ఒక ఇంట్లో తల్లి వదిలి వెళ్ళిన పిల్లలు బయటపడ్డారు. పద్నాలుగేళ్ళ పెద్దబ్బాయి చెల్లెళ్ళను చూసుకుంటూ నెలల తరబడి గడిపాడు. ఆ పిల్లల పుట్టుక ఎక్కడా నమోదు కాలేదు. బడిలో పేరు లేదు, ఆఫీసులో పేరు లేదు. అందుకే వాళ్ళు లేరని ఎవరికీ అనిపించలేదు. బయటపడే నాటికి ఒక చిన్న పాప చనిపోయింది. ఆ ఘటన ఆధారంగా కొరె-ఎద అనే దర్శకుడు 2004లో సినిమా తీశాడు. అంత డబ్బున్న దేశంలో, అంత పెద్ద నగరంలో కాగితం లేని పిల్లలు గోడ పక్కనే ఉన్నా కనపడలేదు. మన గట్ల మీద కాగితం లేని పిల్లలు ఎంతమంది?

మన దివిసీమకే రండి. 1977 నవంబరు 19 ఉప్పెన గురించి మన ఇళ్ళలో చెప్పుకోని వాళ్ళు లేరు. సొర్లగొంది, పాలకాయతిప్ప పేర్లు చెబితే ఇప్పటికీ పెద్దవాళ్ళు కాసేపు మాట్లాడరు. ప్రభుత్వ లెక్కలోనే పోయినవాళ్ళు పదివేల దాకా ఉన్నారు. తల్లీ తండ్రీ కొట్టుకుపోతే తమ్ముణ్ణి, చెల్లెల్ని చంకనేసుకుని బతికిన అక్కలు, అన్నలు ఆనాడు ఎందరో. దేశమంతా కదిలింది. సినిమావాళ్ళు జోలె పట్టారు. కోవిడ్ వచ్చినప్పుడు కూడా తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్న పిల్లల కోసం 2021లో కేంద్రం పది లక్షల పథకం పెట్టింది. అవన్నీ కావాల్సినవే. కానీ తల్లి చనిపోకుండా వెళ్ళిపోతే? అప్పుడు మరణ ధ్రువపత్రం ఉండదు. ఏ జాబితాలోనూ పేరు ఎక్కదు. "మీ అమ్మ ఉందిగా, ఆమెను తీసుకురా" అంటారు. ఆ ఇంటి మీదికీ ఉప్పెన వచ్చిందని ఎవరూ రాసుకోరు.

మళ్ళీ ఆ పిల్ల దగ్గరికి వస్తాం. బస్టాండు రాత్రి తర్వాత మేము కమిటీ ముందుకు వెళ్ళాం. ఈసారి ఆఫీసుకు అప్పగించి రాలేదు, కూర్చున్నాం. చుట్టాలెవరున్నారని గట్టు మీద అందరినీ అడిగాం. గుడివాడ వైపు చేపల చెరువు కాపలా ఉండే మేనత్త ఉందని తేలింది. ఆమెకే ముగ్గురు పిల్లలు. "అన్న పిల్లలు నాకు బరువేంటి, కూడు కుదిరితే చాలు" అంది. కూడు కుదర్చడం మా పని అయింది. కమిటీ ఇద్దరినీ ఒకే చోట, మేనత్త సంరక్షణలో ఉంచుతూ ఉత్తర్వు ఇచ్చింది. కేంద్రం మిషన్ వాత్సల్య పథకంలో ఇలాంటి పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ సాయం ఉంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. దానికి దరఖాస్తు పెట్టాం. అది ఊరికే రాలేదు, చాలాసార్లు బందరు తిరిగాం. అక్క వేలిముద్రలు కొత్తగా వేయించాం. తమ్ముడికి పుట్టిన తేదీ ఉత్తర్వు తెచ్చాం. ఆమె హాస్టలు కాకుండా ఇంటి నుంచే పోయొచ్చే బడిలో చేరింది. ఒక ఏడాది మాత్రం పోయింది.

కథ సుఖంగా ముగిసిందని చెప్పం. పిల్లాడు ఇప్పటికీ రాత్రి అక్క ఓణీ కొస వేలికి చుట్టుకునే పడుకుంటాడట. అక్క బడి నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే గట్టు చివరికి వచ్చి నిలబడతాడట. తల్లి కబురు ఇంతవరకూ లేదు. మొన్న వెళ్ళినప్పుడు మాలో ఒకరు అలవాటు కొద్దీ, "నీ తమ్ముడికి నువ్వే అమ్మవి తల్లీ" అన్నారు. ఆ పిల్ల పుస్తకం మూసి, "నేను అక్కనే అండీ. అమ్మ వస్తే ఇంక నేనేమవుతా?" అంది. ఆమె తల్లి కోసం ఆ చోటు ఇంకా ఖాళీగా ఉంచుకుంది. మనం దాంట్లో ఆమెను కూర్చోబెట్టేశాం.

అందుకే ఈ సభలో మన వాళ్ళందరినీ నాలుగు పనులు అడుగుతున్నాం.

మొదటిది, లెక్క. మన ప్రతి గట్టు మీద, ప్రతి కాలనీలో తల్లి గాని తండ్రి గాని వెళ్ళిపోయిన ఇళ్ళలో పిల్లల్ని ఎవరు చూస్తున్నారో సంఘం సభ్యులు రాయాలి. చూస్తున్నది పద్దెనిమిది నిండని బిడ్డ అయితే ఆ పేరు కింద గీత గీయాలి. ఆ జాబితా ఫేస్‌బుక్కులో పెట్టకూడదు. ఫొటోలు తీయకూడదు. పిల్లల కష్టం మన బ్యానరు మీద బొమ్మ కాకూడదు.

రెండోది, కాగితాలు. పుట్టిన సర్టిఫికెట్టు, కుల ధ్రువపత్రం, ఆధార్‌లో వేలిముద్రలు, పిల్లల పేరున బ్యాంకు ఖాతా. పదేళ్ళు దాటిన పిల్లలు సొంతంగా సేవింగ్స్ ఖాతా తెరిచి నడుపుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2014లోనే చెప్పింది. కానీ 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ప్రకారం మైనరు అక్క మైనరు తమ్ముడికి సంరక్షకురాలు కాలేదు. అందుకని సంతకం పెట్టే పెద్దమనిషి ఒకరిని చుట్టాల్లోంచి మనమే వెతకాలి. పని ఆ బిడ్డ చేస్తూ, సంతకం ఇంకెవరో పెట్టి డబ్బు తీసుకుపోయే మోసం జరగకుండా కూడా మనమే చూడాలి.

మూడోది, ఆ మూడు గంటలు. అంగన్‌వాడీ మూసినప్పటి నుంచి హైస్కూలు వదిలేదాకా ఆ చిన్నవాడు ఎవరింట్లో ఉంటాడు? దీనికి జీవో అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు. గట్టు మీద ఆరు ఇళ్ళుంటే వారానికి ఆరు రోజులు. ఒక్కో ఇల్లు ఒక్కో రోజు. మన తాతల కాలంలో పిల్లాడు ఏ గుడిసె ముందు ఆకలేస్తే ఆ గుడిసెలోనే తినేవాడు. ఆ పద్ధతిని మళ్ళీ తెచ్చుకుంటే ఒక ఆడపిల్ల బడి నిలబడుతుంది.

నాలుగోది, పెళ్ళి మాట ఎత్తవద్దు. ఇలాంటి ఇంటికి మొదట వచ్చే సలహా అదే. "పెళ్ళి చేసేస్తే మగదిక్కు దొరుకుద్ది, తమ్ముడికీ ఆసరా" అంటారు. పద్దెనిమిది లోపు పెళ్ళి 2006 చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి అటుంచండి. ఒక బిడ్డను సాకుతూ అలసిన బిడ్డ చేతిలో ఇంకో బిడ్డను పెట్టడమే అది. ఎవరైనా తొందరపెడుతుంటే 1098కి ఫోను చేయండి. ఆ నంబరు పిల్లలకు నేర్పండి. అయితే ఫోను చేసి ఊరుకోవద్దు. మేము చేసిన తప్పు అదే. అధికారులు వచ్చినప్పుడు పిల్లల పక్కన కూర్చోండి. ఇద్దరినీ కలిపి ఉంచమని అడగండి. కాగితం మీద రాయించుకోండి.

అధికారుల్లో మంచివాళ్ళు ఈ సభలో కూడా ఉన్నారు. వాళ్ళకు మా విన్నపం ఒక్కటే. ఇంకోసారి మా గట్టు మీదికి పిల్లల కోసం బండి పంపాల్సి వస్తే, ఒక్క బండే పంపండి.

ఇక్కడున్న పెద్దపిల్లలకు చివరి మాట. మీలో ఎవరి చంకనైనా ఒక తమ్ముడో చెల్లెలో ఉంటే, మీరు చేస్తున్నది చాలా పెద్ద పని. కానీ అది మీ ఒక్కరి పని కాదు. సాయం అడగడం తప్పు కాదు, అమ్మను తక్కువ చేయడమూ కాదు. ఆడుకోవాలనిపిస్తే ఆడుకోండి. చదవాలనిపిస్తే చదవండి. విసుగొస్తే విసుక్కోండి. మధ్యాహ్నం బడిలో పెట్టే గుడ్డు మీరే తినండి. రాత్రి కూడు సంగతి చూడాల్సిన వాళ్ళం మేమున్నాం.

జై ఆదివాసీ. సెలవు.